సూక్ష్మలోకద్రష్ట లీవెన్‌హోక్

ఉదయమున నిద్ర లేచినతోడనే పండ్లు తోముకొనుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. పాచినోటితో ఏదియు తినరాదని ప్రతి యింటను పెద్దలు పిల్లలకు చెప్పుదురు. పల్లెలలో కొందరు వేప, కానుగ, ఉత్తరేణి పందుంపుల్లలతో పండ్లు తోముకొందురు. పెక్కురు పళ్ళపొడితోను, బ్రష్షుతోను తోముకొందురు. సాధనము ఏదైనను పని యొక్కటియే. పండ్లపై జిగటగా చేరిన పాచిని తొలగింపవలెను.

ఈ పాచి యనగా నేమి? మనము తిన్న అన్నములో మిగిలిన భాగమా? లాలాజలము గట్టిపడుటచే ఏర్పడిన మలినమా? వేల యేండ్లుగా మానవులు దానిని తోమి పారవేయుచు వచ్చిరి. కాని దానిలో నేమున్నదో చూచుటకు వారికి సాధనము లేదు. 1683వ సంవత్సరమున హాలెండు దేశమందలి యొక బట్టల వర్తకుడు తన పండ్ల సందులనుండి కొంచెము పాచిని తీసి, తాను స్వయముగా చేసికొన్న కటకముతో పరీక్షించెను. ఆ చిన్న ముద్దలో ఒక జీవలోకము ఆయనకు గోచరించెను. ఆ వర్తకుని పేరు ఆంటొనీ వాన్ లీవెన్‌హోక్. చిగుళ్ళ వ్యాధికి కారణమేమో తెలిసికొనుటకు మానవుడు వేసిన మొదటి యడుగు అదియే. అయితే అడుగు వేసినవానికి తాను చేరవలసిన చోటు తెలియదు. ఆ చోటికి చేరుటకు లోకమునకు మరి రెండు వందల ఎనుబది సంవత్సరములు పట్టినది.

లీవెన్‌హోక్ 1632 అక్టోబరు 24వ తేదీన డెల్ఫ్ట్ పట్టణమున జన్మించెను. అది కాలువలతోను, వంతెనలతోను నిండిన చిన్న పట్టణము. తండ్రి బుట్టలు అల్లి జీవించువాడు. తల్లి బీరు తయారుచేయువారి యింటి యాడుపడుచు. ఆంటొనీకి అయిదారేండ్ల వయస్సు వచ్చునప్పటికే తండ్రి మరణించెను. తల్లి మరల వివాహము చేసికొనెను. బాలుని వార్మండ్ అను గ్రామమందలి పాఠశాలకు పంపిరి. అచ్చట ఆతడు చదువను, వ్రాయను, లెక్కలు వేయను నేర్చుకొనెను. అంతటితో ఆతని చదువు ముగిసెను.

ఆ కాలమున ఐరోపాలో విద్వాంసుల భాష లాటిను. మన దేశమున ఒకప్పుడు శాస్త్రము లన్నియు సంస్కృతముననే యున్నట్లు, అచ్చట శాస్త్రగ్రంథములు చాలవరకు లాటినులోనే యుండెడివి. ఆ భాష రానివానిని పండితులు తమతో సమానునిగా చూచెడివారు కారు. ఆంటొనీకి లాటిను రాదు. విశ్వవిద్యాలయపు గడప ఆతడు విద్యార్థిగా ఎన్నడును త్రొక్కలేదు. తన యింటిలో మాటలాడు డచ్చి భాష తప్ప మరియొక భాష ఆతడెరుగడు.

1648లో, పదునారవ యేట, ఆతనిని ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి యొక బట్టల వర్తకునియొద్ద పని నేర్చుకొనుటకు ఉంచిరి. బట్టల వ్యాపారమున కన్ను చాల ముఖ్యము. బట్టను చేతితో తాకినంతనే దాని నేత తెలియదు. పోగులు దగ్గరగా నున్నవో, దూరముగా నున్నవో, మధ్యలో ముతక దారము కలిసినదో వర్తకుడు లెక్కించి చూడవలెను. మన శ్రీకాకుళము జిల్లా పొందూరులో స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ యెముకతో ఏకి, ఆ చేప పండ్ల నడుమనుండి చిక్కులు విడదీసి, మిక్కిలి సన్నని నూలు వడకుట మీలో కొందరు చూచియుందురు. అట్టి బట్టయందలి పోగులను వట్టి కంటితో లెక్కించుట కష్టము. అందువలన ఆ కాలపు బట్టల వర్తకులు చిన్న భూతద్దమును దగ్గర నుంచుకొనెడివారు. లీవెన్‌హోక్‌కు కటకముతో పరిచయము ఇట్లు అంగడిలోనే కలిగియుండునని చరిత్రకారులు తలంతురు.

1654లో ఆయన డెల్ఫ్ట్‌కు తిరిగివచ్చి బార్బరా అను కన్యను వివాహమాడెను. ఆ పట్టణముననే బట్టల అంగడి తెరచెను. దంపతులకు అయిదుగురు బిడ్డలు కలిగిరి. కాని వారిలో నలుగురు పసితనముననే చనిపోయిరి. మారియా అను కుమార్తె యొక్కతెయే మిగిలెను. 1666లో బార్బరాయు మరణించెను. తరువాత కొన్నియేండ్లకు ఆయన మరల పెండ్లి చేసికొనెను. ఇంతలో 1660లో పట్టణపు అధికారుల సభామందిరమును చూచుకొను ఉద్యోగము ఆయనకు లభించెను. గదులు శుభ్రముగా నుంచుట, చలికాలమున నిప్పు రాజవేయించుట మున్నగునవి ఆ యుద్యోగపు విధులు. జీతము నిలకడగా వచ్చుచుండెను, తీరికయు దొరకెను. ఆ తీరికను ఆయన కటకములు సానపట్టుటకు వినియోగించెను.

అప్పటికే ఐరోపాలో సూక్ష్మదర్శినులు లేకపోలేదు. లండనులో రాబర్ట్ హుక్ అను శాస్త్రజ్ఞుడు 1665లో సూక్ష్మదర్శినితో చూచిన వస్తువుల చిత్రములతో గొప్ప గ్రంథము ప్రకటించెను. కాని రెండు మూడు కటకములు కూర్చిన ఆ కాలపు యంత్రములలో బొమ్మ మసకబారి, అంచుల చుట్టు రంగులు కనబడుచుండెడివి. లీవెన్‌హోక్ వేరు మార్గము త్రొక్కెను. ఆయన ఒకే కటకమును ఉపయోగించెను. అది చిన్న పూసవంటిది. దానిని రెండు చిన్న ఇత్తడి రేకుల నడుమ, సూది బెజ్జమువంటి రంధ్రములో బిగించెను. రేకు వెనుక ఒక మొనగల కమ్మిని అమర్చెను. చూడవలసిన వస్తువును ఆ మొనకు అంటించి, మరలు త్రిప్పి ముందుకు వెనుకకు జరుపుటకు వీలు కల్పించెను. పరికరమంతయు అరచేతిలో ఇమిడిపోవును. దానిని కంటికి మిక్కిలి దగ్గరగా పట్టుకొని వెలుగువైపు చూడవలెను.

చూచుటకు ఇది ఆటవస్తువువలె నుండును. కాని ఆయన చేసిన పరికరములలో నేటికి మిగిలియున్న యొకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపును. ఆయన తన జీవితకాలమున అయిదువందలకు మించిన కటకములు తయారుచేసెను. ప్రతిదానిని స్వహస్తములతోనే చేసెను. ఆ ఓపికయే ఆయన పాండిత్యము.

కటకము చేతికి వచ్చిన తరువాత ఆయన చూడని వస్తువు లేదు. తేనెటీగ కొండిని చూచెను. పేను కాళ్ళను చూచెను. రొట్టెపై పట్టిన బూజును చూచెను. డెల్ఫ్ట్‌లో నివసించు రైనీర్ డి గ్రాఫ్ అను వైద్యుడు ఈ సంగతి తెలిసికొనెను. లండనులో 1660లో స్థాపింపబడిన రాయల్ సొసైటీ అను శాస్త్రజ్ఞుల సంఘమునకు 1673లో ఆయన ఒక లేఖ వ్రాసి, లీవెన్‌హోక్‌ను పరిచయము చేసెను. నాటినుండి లీవెన్‌హోక్ తాను చూచిన ప్రతి సంగతిని ఆ సంఘమునకు లేఖలుగా వ్రాయుచు వచ్చెను. ఆ లేఖలు డచ్చి భాషలో, ఇరుగుపొరుగువారితో మాటలాడినట్లు ఉండెడివి. లండనులో వానిని అనువదించి ప్రకటించుచుండిరి. ఈ లేఖాయాత్ర ఏబది సంవత్సరములు సాగెను.

1674లో ఆయన ఊరికి సమీపమున నున్న యొక చెరువు నీటిని తెచ్చి చూడగా, పచ్చని దారములవంటి నాచు నడుమ చిన్న చిన్న ప్రాణులు తిరుగుచు కనబడెను. 1676లో మిరియములు నానవేసిన నీటిలో అంతకంటెను చిన్న ప్రాణులను చూచి, ఆ సంగతిని దీర్ఘమైన లేఖగా లండనుకు వ్రాసెను. అక్కడి పండితులకు నమ్మకము కలుగలేదు. నీటిబొట్టులో లెక్కకు మించిన ప్రాణులుండుట యెట్లు? ఒక బట్టల వర్తకుని మాటను శాస్త్రముగా స్వీకరించుట యెట్లు? ఆయన సత్యసంధత యంతయు ఇప్పుడు పరీక్షకు నిలిచెను.

లీవెన్‌హోక్ కోపించి ఊరకుండలేదు. పట్టణమందలి పెద్దమనుష్యులను, మతగురువులను ఇంటికి పిలిచి, వారికి తన కటకముతో నీటిని చూపించి, వారు చూచినది చూచినట్లు సాక్ష్యము వ్రాయించెను. అట్టి ఎనిమిదిమంది సాక్ష్యములను లండనుకు పంపెను. 1677 నవంబరులో రాబర్ట్ హుక్ తానే ప్రయోగము చేసి, రాయల్ సొసైటీ సభ్యులకు ఆ ప్రాణులను చూపించెను. అంతటితో సందేహము తీరెను. 1680లో ఆ సంఘము లీవెన్‌హోక్‌ను సభ్యునిగా ఎన్నుకొనెను. లాటిను రాని వర్తకుడు ఆ కాలపు మహాపండితుల సరసన నిలిచెను. అయినను ఆయన ఆ సభకు ఎన్నడును వెళ్ళలేదు. డెల్ఫ్ట్‌లోని తన గదియే ఆయనకు సభ.

ఇక మన ప్రధాన విషయమునకు వత్తము. 1683 సెప్టెంబరు 17వ తేదీన ఆయన రాయల్ సొసైటీకి వ్రాసిన లేఖలో తన పండ్లను గూర్చి వివరించెను. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లు నిండినవి. ఆయన ప్రతి ఉదయము ఉప్పుతో పండ్లు రుద్దుకొని, నీటితో పుక్కిలించెడివాడు. భోజనమైన పిదప పుల్లతో పండ్ల సందులు శుభ్రపరచుకొని, గుడ్డతో గట్టిగా తుడుచుకొనెడివాడు. అందువలన ఆ వయస్సున ఇతరులకు అరుదైన తెల్లదనము ఆయన పండ్లకు ఉండెను. ఎంత గరుకైన ఉప్పుతో రుద్దినను చిగుళ్ళనుండి రక్తము కారెడిది కాదని ఆయనయే వ్రాసెను. ఈ చిన్న వాక్యమును గుర్తుంచుకొనుడు. దీని విలువ ముందు తెలియును.

ఇంత శుభ్రత పాటించినను అద్దములో చూచుకొనగా కొన్ని దవడపండ్ల సందులలో తడిపిన పిండివంటి తెల్లని పదార్థము ఆయనకు కనబడెను. మరియొకడైనచో దానిని తుడిచివైచి తన పనికి పోయెడివాడు. లీవెన్‌హోక్ దానిని కొంచెము తీసి, ప్రాణులు లేని స్వచ్ఛమైన వాననీటితో కలిపి కటకముతో చూచెను. ఆశ్చర్యము! అందులో ఎన్నియో చిన్న ప్రాణులు చలించుచుండెను. కొన్ని పొడుగుగా నుండి, నీటిలో చేప దూసికొనిపోవునట్లు పోవుచుండెను. కొన్ని బొంగరమువలె గిరగిర తిరుగుచుండెను. కొన్ని దోమల గుంపువలె ఒకదానిచుట్టు ఒకటి మూగి, వానిని వేరుపరచి చూచుట కష్టముగా నుండెను. ఆయన వాని ఆకారములను చిత్రింపజేసి లేఖతో పంపెను. కడ్డీలవంటివి, గుండ్రనివి, మెలికలు తిరిగినవి ఆ చిత్రములలో కలవు. నేడు మనము బాక్టీరియా అని పిలుచు సూక్ష్మజీవుల తొలి చిత్రములు ఇవియే. వానిలో పెక్కింటి పొడవు మిల్లీమీటరులో వేయవవంతుకు కొంచెము అటునిటుగా నుండును.

ఒక్క తన నోటిని చూచి ఊరకుండుట ఆయన స్వభావము కాదు. ఇద్దరు స్త్రీల పండ్లపాచిని, ఎనిమిదేండ్ల బాలుని పండ్లపాచిని పరీక్షించెను. అన్నింటను ప్రాణులు కనబడెను. తరువాత జన్మమందెన్నడును నోరు శుభ్రపరచుకొనని యొక వృద్ధుని కనుగొని, ఆతని పండ్ల సందులనుండి పాచిని తీసి చూచెను. ఆ పాచిలో ప్రాణుల సంఖ్య నమ్మశక్యము కానంత అధికముగా నుండెను. అంతేకాదు, వానిలో పెద్దవి తమ దేహమును వంపులుగా వంచుచు మిక్కిలి వేగముగా ఈదుచుండెను. శుభ్రమైన నోటిలో ఆయన అట్టి సందడిని చూచియుండలేదు. ఒక్క మనుష్యుని నోటిలో నున్న ప్రాణుల సంఖ్య తన దేశమందలి జనసంఖ్యను మించునని ఆయన అంచనా వేసెను. తరువాతి కాలపు శాస్త్రజ్ఞులు లెక్కింపగా ఆ అంచనా సత్యమునకు మిక్కిలి తక్కువయని తేలెను.

ఆయన మరియొక పరీక్ష చేసెను. ద్రాక్షసారాయినుండి చేసిన ఘాటైన పులికషాయముతో, అనగా వెనిగారుతో, నోరు పుక్కిలించి, పిదప పాచిని తీసి చూచెను. ప్రాణులు ఇంకను బ్రదికియేయుండెను. కాని పాచిని బయటకు తీసి, విడదీసి, దానిపై వెనిగారును పోయగా అవి చచ్చెను. దీనినిబట్టి వెనిగారు పాచి లోపలికి చొరలేదనియు, పైనున్న వానిని మాత్రమే చంపగలిగెననియు ఆయన గ్రహించెను. విజయనగరము కోటను తలచుకొనుడు. ఆ రాతిగోడల వెలుపల నిలిచి బాణము విసరినచో గోడపైనున్న కావలివానికి తగులును. లోపలి వీధులలో తిరుగువానికి తగులదు. పండ్లపాచియు అట్టి కోటయే. సూక్ష్మజీవులు తమనుండి వెలువడు జిగురుతో తమచుట్టు గోడ కట్టుకొని, ఒకదానినొకటి అంటిపెట్టుకొని నివసించును. ఊరక పుక్కిలించుటవలన పాచి పోదు. దానిని రుద్ది విడగొట్టవలెను. మందునీళ్ళతో పుక్కిలించిన చాలునని తలచువారికి మూడు వందల యేండ్లక్రితమే లీవెన్‌హోక్ చేసిన ఈ ప్రయోగము సమాధానము చెప్పుచున్నది.

1692లో ఆయన మరల తన పండ్లను పరీక్షించెను. ఈ పర్యాయము ముందరి పండ్లపై బ్రదికియున్న ప్రాణులు కానరాలేదు. వెనుకటి దవడపండ్ల సందులలో మాత్రము అవి సజీవముగా నుండెను. ఆయన ఉదయమున మిక్కిలి వేడిగా కాఫీ త్రాగు అలవాటు చేసికొనియుండెను. ఆ వేడిమి ముందరి పండ్లపై నున్న ప్రాణులను చంపెనని ఆయన ఊహించెను. తన ఊహను తానే పరీక్షించుకొనుట ఆయనకు ఆటవంటిది.

ఇన్ని చూచియు లీవెన్‌హోక్ ఒక సంగతి గ్రహింపలేదు. ఈ ప్రాణులే చిగుళ్ళను వాచునట్లు చేసి, పండ్లను కదల్చునని ఆయన చెప్పలేదు. సూక్ష్మజీవులు మానవునకు వ్యాధి కలిగింపగలవను భావమే అప్పటికి శాస్త్రమున స్థిరపడలేదు. ఆయన ద్రష్ట, తాను చూచినదానిని దాచక, పెంచక చెప్పెను. కారణమును నిరూపించుట తరువాతివారి పని యయ్యెను.

ఆ తరువాతివారికి పని కష్టమగుటకు ఆయనయు కొంత కారకుడే. లీవెన్‌హోక్ తాను చూచినదానిని లోకమునకు చెప్పెను గాని, చూచు విద్యను లోకమునకు నేర్పలేదు. ఆయన కీర్తి వ్యాపించినకొలది రాజులు, రాణులు, పండితులు డెల్ఫ్ట్‌కు రాసాగిరి. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ ఆ ప్రాంతమునకు వచ్చినప్పుడు లీవెన్‌హోక్‌ను తన పడవకు పిలిపించుకొనెను. ఈలుచేప తోకలో రక్తము ప్రవహించుటను ఆయన చక్రవర్తికి చూపించెను. అతిథులకు ఇట్లు తన పరికరములను చూపెడివాడు. కాని మిక్కిలి శ్రేష్ఠమైన కటకములను తనకొరకే ఉంచుకొనెడివాడు. మిక్కిలి చిన్న ప్రాణులను చూచు పద్ధతిని ఎవరికిని చెప్పలేదు. శిష్యులను చేర్చుకొనలేదు. గురువుతోడనే విద్య అంతరించుట మన దేశమునను పెక్కు కళలకు జరిగినదే. ఆయన మరణించిన పిమ్మట నూరేండ్లకు పైగా ఆ సూక్ష్మజీవులను గూర్చిన జ్ఞానము దాదాపు ఉన్నచోటనే నిలిచిపోయెను. మంచి కటకములు గల సూక్ష్మదర్శినులు పందొమ్మిదవ శతాబ్దమున వచ్చువరకు అది ముందుకు సాగలేదు. అంతవరకు ఎందరి పండ్లు కారణము తెలియకయే ఊడిపోయినవో ఎవరు లెక్కింపగలరు?

వృద్ధాప్యమునను ఆయన కటకమును విడువలేదు. రెండవ భార్యయు 1694లో చనిపోగా కుమార్తె మారియా తండ్రిని కంటికి రెప్పవలె కాపాడెను. చివరి దినములలో ఆయనకు ఉదరవితానము, అనగా ఊపిరితిత్తులకు క్రిందనుండు కండరము, ఉండి యుండి అదరు జబ్బు వచ్చెను. ఆ బాధను సైతము ఆయన పరీక్షావస్తువుగానే చూచి, దాని లక్షణములను వివరించి లండనుకు వ్రాసెను. 1723 ఆగస్టు 26వ తేదీన, తొంబదియొకటవ యేట, ఆయన పరమపదించెను. ఆయన కోరిక ప్రకారము ఇరువదియారు వెండి సూక్ష్మదర్శినులు గల పెట్టె రాయల్ సొసైటీకి చేరెను. కాలక్రమమున ఆ పెట్టెయు కనబడకపోయెను. లేఖలు మాత్రము నిలిచినవి.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫ్రాన్సులో పాశ్చరు, జర్మనీలో కోచ్ సూక్ష్మజీవులు వ్యాధులను కలిగించునని నిరూపించిరి. అమెరికా దేశస్థుడైన మిల్లర్ అను దంతవైద్యుడు బెర్లినులో పరిశోధనలు చేసి, నోటియందలి సూక్ష్మజీవులను గూర్చి 1890లో గ్రంథము ప్రకటించెను. అయినను చిగుళ్ళ వ్యాధి విషయమున సందేహములు మిగిలియే యుండెను. వయస్సువలన చిగుళ్ళు చెడునని కొందరు, ఆహారలోపమువలన అని కొందరు వాదించుచుండిరి.

1965లో డెన్మార్కు దేశమందలి ఆర్హస్ నగరమున హెరాల్డ్ లో అను దంతవైద్య శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ఈ వివాదమును తీర్చు ప్రయోగమును చేసెను. చిగుళ్ళు ఆరోగ్యముగా నున్న పండ్రెండుమంది, వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులు, పండ్లు తోముకొనుట మానివేసిరి. పది దినములకు కొందరికి, ఇరువదియొక్క దినములలోపల అందరికి చిగుళ్ళు వాచి ఎఱ్ఱబడెను. అంతలో వారి పాచిలోని జీవులును మారుచు వచ్చెను. మొదట గుండ్రనివి, పొట్టి కడ్డీలవంటివి ఉండెను. తరువాత దారపు పోగులవంటివి చేరెను. వారము దాటిన పిదప మెలికలు తిరిగి వేగముగా చలించునవి వృద్ధిపొందెను. నోరు శుభ్రపరచుకొనని వృద్ధుని పాచిలో లీవెన్‌హోక్ చూచిన వంపుల ప్రాణులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పాచి ముదిరినప్పుడు చేరు అతిథులు అట్టివే. తరువాత ఆ పండ్రెండుమందియు మరల పండ్లు తోముకొనసాగిరి. సుమారు వారము దినములలో చిగుళ్ళు పూర్వపు ఆరోగ్యమును పొందెను. పాచి చేరిన వ్యాధి వచ్చును. పాచి పోయిన వ్యాధి పోవును. సంశయమునకు తావు లేకపోయెను. ఉప్పుతో రుద్దినను తన చిగుళ్ళనుండి రక్తము రాదని డెల్ఫ్ట్ వర్తకుడు వ్రాసిన మాటకు అర్థము ఇప్పుడు తెలిసినది.

ఈ వ్యాధి నడచు తీరు తెలిసికొనుట అవసరము. నోటిలోని సూక్ష్మజీవు లన్నియు శత్రువులు కావు. పెక్కు జాతులు హాని చేయక మనతో సహజీవనము చేయును. పాచిని చిగుళ్ళ అంచున నిలువనిచ్చినచో హానికరమైనవి బలపడి, విషపదార్థములను విడుచును. వానిని ఎదిరించుటకు మన రక్తమందలి తెల్లకణములు అచ్చటికి చేరును. చిగురు వాచి ఎఱ్ఱబడి, తాకినంతనే రక్తము కారును. నిర్లక్ష్యము చేసినచో పాచి గట్టిపడి గారయగును. గార బ్రష్షుకు లొంగదు, వైద్యుడు తీయవలసినదే. కొందరిలో వ్యాధి ఇంకను లోపలికి దిగును. పంటికి చిగురుకు నడుమ సందు లోతుగా ఏర్పడును. శరీరము సూక్ష్మజీవులతో చేయు పోరాటమున పంటిని పట్టియుంచు ఎముకయు క్రమముగా కరగిపోవును. యుద్ధము జరిగిన పొలములో పైరు నిలువనట్లు, ఆ చోట పన్ను నిలువలేక కదలి ఊడిపోవును. చిగుళ్ళ వాపు మాత్రమున్న దశలో వ్యాధిని పూర్తిగా మాన్పవచ్చును. ఎముక పోయిన పిదప మిగిలినదానిని కాపాడుకొనుటయే ప్రధానమగును. తొలి దశలో నొప్పి యుండకపోవుటయే ఈ వ్యాధి చేయు మోసము.

చిగుళ్ళనుండి రక్తము వచ్చుట చూచి భయపడి పండ్లు తోముకొనుట మానువారు కలరు. ఇది వ్యాధిని పెంచుకొనుటయే. రక్తము కనబడినచో మెత్తని బ్రష్షుతో మరింత శ్రద్ధగా, మృదువుగా తోముకొని, తగ్గకున్నచో వైద్యునికి చూపవలెను. పందుంపుల్లను వాడువారు కొనను బాగుగా నమిలి కుంచెవలె చేసికొని, చిగుళ్ళు గీరుకొనకుండ వాడవలెను. లీవెన్‌హోక్ గరుకు ఉప్పును అనుకరింపనక్కరలేదు. ఆయన క్రమమును అనుకరించిన చాలును. రాత్రి పరుండబోవునప్పుడు తోముకొనుటయు ఉదయము తోముకొనుటవలెనే ముఖ్యము.

మన ఉత్తరాంధ్ర తీరమున మరియొక కీడు కలదు. చుట్ట వెలుగుచున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చుటను అడ్డపొగ యందురు. ఈ ప్రాంతపు పల్లెలలో కొందరు, ముఖ్యముగా స్త్రీలు, దీనికి అలవాటుపడిరి. అంగిటిలో పుండ్లకును, కాన్సరు వ్యాధికిని ఇది దారితీయును. ఏ రూపమున పొగ త్రాగినను చిగుళ్ళకు చేటే. పొగత్రాగువారి చిగుళ్ళలో రక్తప్రసారము తగ్గుటచే రక్తము కారుట అంతగా కానరాదు. అందుచే వారు తమ చిగుళ్ళు బాగున్నవని భ్రమపడుదురు. లోపల వ్యాధి ముదురుచుండును. ఇంటిలో పెద్దలకు ఈ సంగతిని వినయముగా తెలుపుట చదువుకొన్న పిల్లల కర్తవ్యము.

లీవెన్‌హోక్ గొప్ప కుటుంబమున పుట్టలేదు. గొప్ప చదువు చదువలేదు. ఎల్లవారి నోళ్ళలోను ఉన్నదానిని, ఎల్లవారును అసహ్యించుకొని ఉమిసివేయుదానిని ఆయన జ్ఞానమునకు ద్వారముగా చేసెను. నమ్మనివారిని నిందింపక సాక్ష్యము చూపించెను. ఆయన ఓపికను, సత్యసంధతను మనము నేర్చుకొనదగును. నేర్చినదానిని ఇతరులకు నేర్పుట యను మేలును కూడ ఆయన చేసియుండినచో లోకము మరింత త్వరగా బాగుపడియుండెడిది. మనము ఆ మేలును సులభముగా చేయవచ్చును. తమ్మునికో చెల్లెలికో పండ్ల సందులు ఎట్లు తోముకొనవలెనో రేపటి ఉదయము చూపించినచో, డెల్ఫ్ట్ వర్తకుడు చేయక విడిచిన పని కొంత పూర్తియగును.